అన్నీ మారిస్తే అదే బండేనా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కడ ధమ్మ తరగతి పెట్టినా మన యువకులు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. మొదటిది: "అన్నా, దీక్ష తీసుకున్నంక నేను పాత మనిషినేనా, కొత్త మనిషినా? పాత మనిషినే అయితే దీక్ష ఎందుకు? కొత్త మనిషినైతే కుల సర్టిఫికెట్ ఎట్ల తీసుకోవాలె?" రెండోది: "బాబాసాహెబ్ బౌద్ధంలో చానా మార్చిండని కొందరు అంటున్నరు. అంత మార్చినంక అది బుద్ధుడు చెప్పిన ధమ్మమే అవుతదా?"

ఒకటి మనిషి గురించి, ఒకటి ధమ్మం గురించి. కానీ రెండింటి మూలం ఒక్కటే. ఒక దాంట్లో భాగాలు మార్చుకుంటూ పోతే అది ఎందాకా అదే? ఎప్పటినుంచి వేరేది? పెద్ద పెద్ద తత్వవేత్తలు తలలు పట్టుకున్న ప్రశ్న ఇది. మెకానిక్ షెడ్డులో పాత కారు విప్పిన పదహారేళ్ల పిల్లగాడికి కూడా ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే ఈసారి ధమ్మాన్ని షెడ్డులోనించి చూద్దాం.

1. మిలిందుడు ఎక్కి వచ్చిన రథం

మన పాలీ గ్రంథాల్లో 'మిలింద పన్హ' అని ఒకటుంది. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మిలిందుడికీ, భిక్షువు నాగసేనుడికీ మధ్య జరిగిన సంభాషణ అది. రాజు పేరు అడుగుతాడు. నన్ను నాగసేనుడని పిలుస్తారు, కానీ ఆ పేరు వెనక మారకుండా ఉండే మనిషి ఎవరూ దొరకరు అంటాడు భిక్షువు. రాజుకు అది విడ్డూరంగా తోస్తుంది. మరి శీలం పాటించేది ఎవరు, ధ్యానం చేసేది ఎవరు అని నిలదీస్తాడు.

నాగసేనుడు కోపం తెచ్చుకోడు. మీరు నడిచి వచ్చారా, బండెక్కి వచ్చారా అని అడుగుతాడు. రథం మీద వచ్చానంటాడు రాజు. అయితే ఏది రథం? నొగ రథమా? ఇరుసా? చక్రాలా? పగ్గాలా? రాజు ఒక్కోదానికీ కాదు కాదు అంటాడు. అన్నీ కుప్ప పోస్తే రథమా? కాదు. ఇవేవీ కాకుండా విడిగా రథం అనేది ఎక్కడైనా ఉందా? లేదు. మరి రథం లేనే లేదు కదా, రథం మీద వచ్చానని ఎలా అన్నారు అంటాడు భిక్షువు. అప్పుడు రాజే ఒప్పుకుంటాడు: ఈ భాగాలన్నీ ఒక తీరుగా కుదిరినప్పుడు దానికి మనం రథమని పేరు పెట్టుకున్నాం, అంతే.

మనిషీ అంతే అంటాడు నాగసేనుడు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాలు కుదిరి నడుస్తుంటే దానికి ఒక పేరు. ఈ రథం పోలికను ఆయనకంటే ముందు చెప్పింది ఒక స్త్రీ. సంయుత్త నికాయంలో వజిర అనే భిక్షుణి మారుడికి ఈ జవాబే ఇస్తుంది. నాగసేనుడు ఆమె మాటనే గుర్తు చేస్తాడు. మన ఆడబిడ్డలకు ఈ సంగతి చెప్పాలి.

"అనాత్మ అంటే నేను లేనని చెప్పడమేనా?" అని భయపడేవాళ్లుంటారు. భయం అక్కర్లేదు. రథం లేదని నాగసేనుడు తేల్చలేదు. రాజు నిజంగానే దాని మీద వచ్చాడు. ఆయన లేదన్నది రథం లోపల ఎక్కడో దాక్కుని, ఎప్పటికీ మారకుండా ఉండే 'అసలు రథం' అనే దాన్ని.

2. సూర్యాపేట షెడ్డులో అంబాసిడర్

ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో, సూర్యాపేటలో హైవే పక్కన ఒక షెడ్డులో పాత అంబాసిడర్‌ను మళ్లీ నిలబెట్టే పనిలో రెండు నెలలు ఉన్నాను. ఇప్పుడు 65 నంబరు అంటున్న ఆ రోడ్డును అప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం. మాకు వరుసకు చిన్నాయన ఒకాయన టాక్సీ తిప్పుకుందామని కొన్న బండి అది. చింతచెట్టు కింద మూడు వానాకాలాలు తడిసింది. కోళ్లు గుడ్లు పెట్టుకునేవి.

ముందు మొత్తం విప్పాం. సీట్లు, తలుపులు, బానెట్, డిక్కీ, చక్రాలు. బండిని దిమ్మెల మీద నిలబెట్టాం. లోపల మ్యాట్ లేపితే ఫ్లోరు తుప్పు పట్టి అప్పడంలా విరిగింది. లారీకి చాసిస్ వేరు, బాడీ వేరు. అంబాసిడర్‌కు అట్లా కాదు, బాడీయే దానికి ఎముకల గూడు. ఫ్లోరు పోతే వెన్నెముక పోయినట్టే. టింకరింగ్ పనివాడు తుప్పు పట్టినంత మేరా కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేశాడు. ఇంజన్ బోర్ అరిగిపోయింది. లేత్ షాపుకు పంపి బోరింగ్ చేయించి, సైజు పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేశారు. వాల్వులు రుద్దే పని నాది. సీటు మీద పేస్టు రాసి, పుల్లను రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు తిప్పాలి. నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు. అరచేతులు బొబ్బలెక్కేవి. వైరింగ్ అంతా ఎలుకలు కొరికేశాయి, అదీ కొత్తదే.

ఒకరోజు ఉస్తాద్‌ను అడిగాను. "ఉస్తాద్, ఫ్లోరు కొత్తది, పిస్టన్లు కొత్తవి, వైరింగ్ కొత్తది. రేపు రంగు కూడా కొత్తదే. ఇగ పాత బండి ఏడుంది?" ఆయన బీడీ పక్కన పెట్టి నవ్వాడు. "నడుస్తదా లేదా చూడు బేటా. నడిస్తే బండి, లేకుంటే తుక్కు."

మిలింద పన్హ పేరు కూడా నేను అప్పటికి వినలేదు. ఉస్తాదూ విని ఉండడు. కానీ భాగాల్లో దేంట్లోనూ బండి లేదనీ, అన్నీ కుదిరి నడవడంలోనే ఉందనీ ఆయన చేతులకు తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. మోటారు మెకానిక్ పనికి మనుస్మృతిలో కులం రాసి లేదు. అప్పటికి మోటారే లేదు కాబట్టి! కులం అంటే పని విభజన కాదు, పనిచేసే మనుషుల విభజన అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. ఆ విభజన పూర్తిగా చేరని చోట్లలో షెడ్డు ఒకటి. మా షెడ్డులో ముస్లిం ఉస్తాద్, కమ్మరి ఇంటి వెల్డరు, ముదిరాజ్ పెయింటరు, మాదిగ, మాల పిల్లలు ఒకే గిన్నెలో అన్నం కలుపుకుని తినేవాళ్లం. అందరి చేతులకూ ఒకటే గ్రీజు.

అయినా కులం బయటి నుంచి నడిచి వచ్చేది. బండి చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి ముందు బండిని అడిగాడు: "ఏ సంవత్సరం మోడల్?" తర్వాత నన్ను అడిగాడు: "మీరు ఏమోళ్లు?" బండి విషయంలో ఆయనకు ఇంకా చాలా ప్రశ్నలున్నాయి. మైలేజీ ఎంత, బోర్ ఎప్పుడు చేశారు, టైర్లు ఎట్లున్నయి. నా విషయంలో ఆ ఒక్క జవాబుతో ఆయనకు సరిపోయింది.

3. మనిషికి చాసిస్ నంబరు ఉందా?

బండిలో ఇంజన్ మార్చవచ్చు. రంగు మార్చవచ్చు. ఆర్టీఏ ఆఫీసులో చెప్పి పుస్తకంలో ఎక్కించుకుంటే చాలు. ఎన్ని మార్చినా ఆ బండిని గుర్తుపట్టేది మాత్రం రేకు మీద కొట్టిన చాసిస్ నంబరుతోనే. దాన్ని చెరిపితే నేరం.

కుల సమాజం మనిషిని కూడా ఇట్లాగే చూస్తుంది. చదువు మార్చుకో, ఊరు మార్చుకో, బట్ట మార్చుకో, దేవుణ్ని మార్చుకో. కడుపులో ఉండగానే నీ మీద ఒక నంబరు కొట్టారు, అది చెరగదు అంటుంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడ ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య పక్కన నడుస్తున్న మన యువకుణ్ని నరికి చంపించినవాళ్లు చూసింది ఆ నంబరునే. అతని చదువు, అతని ప్రేమ, పుట్టబోయే బిడ్డ, ఏవీ వాళ్ల కంటికి ఆనలేదు.

అందుకే అనాత్మ సిద్ధాంతం మనకు పండితుల కాలక్షేపం కాదు. ప్రాణాలతో ముడిపడిన విషయం. మనిషిలో మారని ఆత్మ ఉందని నమ్మితేనే, ఆ ఆత్మ ఫలానా కులంలో పుట్టిందని చెప్పడం కుదురుతుంది. మారని ముద్ర కొట్టాలంటే మారని రేకు ఉండాలి కదా! బుద్ధుడు ఆ రేకే లేదన్నాడు. విప్పి చూడండి: శరీరం ఉంది, అనుభవాలున్నాయి, ఆలోచనలున్నాయి, అలవాట్లున్నాయి, ఎరుక ఉంది. ఎక్కడ ఉంది కులం? రక్తంలోనా, ఎముకలోనా, జ్ఞాపకంలోనా? అన్నీ కలిపి కుప్ప పోసినా దొరకదు. అది చూసేవాడి నాలుక మీద ఉంది, వాడి కళ్లలో ఉంది.

4. పూర్వజన్మ అడగని మెకానిక్

బండి స్టార్ట్ కాకపోతే మెకానిక్ ఏం చేస్తాడు? పెట్రోలు వస్తుందా, స్పార్క్ వస్తుందా, గాలి అందుతుందా చూస్తాడు. ఈ బండి పూర్వజన్మలో ఏ పాపం చేసిందో అని ఏ మెకానిక్కూ అనడు. అన్నవాడి దగ్గర మనం బండి వదలం. కానీ మనుషుల విషయంలో అదే మాట చెప్పినవాళ్లకు తరతరాలుగా దక్షిణలిచ్చాం!

నాలుగు ఆర్యసత్యాలను ఈ రీతిగా చదవండి. బాధ ఉంది. దానికి కారణం ఉంది. కారణం ఉంది కాబట్టి పోతుంది. పోగొట్టే దారి ఉంది. పేదవాడి బాధకు వాడి గతజన్మ కర్మే కారణమని చెబితే సమాజమూ, రాజ్యమూ చేతులు దులుపుకుంటాయని బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో హెచ్చరించారు. కారణం ఈ జన్మలో, ఈ ఊళ్లో, ఈ భూమి పట్టాల్లో, ఈ బడిలో వెతకాలి.

5. తుప్పు మీద పుట్టీ

ఇంతదాకా విన్నవాళ్లు సంతోషించి ఉంటారు. ఇక మనల్ని మనం చూసుకునే మాట.

షెడ్డులో తొందరపడేవాళ్లకు ఒక ఉపాయం తెలుసు. తుప్పును కొయ్యకుండా దాని మీదే పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో నున్నగా రుద్ది, రంగు కొడతారు. బండి పెళ్లికొడుకులా మెరుస్తుంది. రెండు వానలు పడ్డాక రంగు పొంగుతుంది. వేలితో పొడిస్తే లోపల బొక్క. మా ఉస్తాద్ తెల్లటి ఇనుము కనపడేదాకా గీకనిదే పుట్టీ డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు.

ధమ్మపదంలో మలవగ్గం ఉంది. ఇనుములో పుట్టిన తుప్పే ఇనుమును తింటుందనే పోలిక అక్కడ వస్తుంది. దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇనుము ఒక్కటే ఉంటే తుప్పు పట్టదు. తేమ కావాలి, గాలి కావాలి. కారణాలన్నీ కూడితేనే కార్యం. ప్రతీత్య సముత్పాదం అంటే ఇదే. కుల వ్యవస్థ అనే వాన మనం కురిపించింది కాదు. కానీ ఆ వానలో వేల ఏళ్లు తడిసిన ఇనుము మనది. తుప్పు మన లోపలికీ వచ్చింది.

ఆ తుప్పు ఎట్లా ఉంటుందో చెప్పుకుందాం. పంచశీల పట్టుకున్న ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి కట్నం లెక్కలు. బుద్ధ వందనం చేసిన నోటితోనే మాల గొప్పా మాదిగ గొప్పా అనే పోటీ. మనకంటే కింద అని మన తాతలు పక్కకు నెట్టిన కులాల ఇంట్లో ఈరోజుకీ మంచినీళ్లు తాగకపోవడం. గోడ మీద బాబాసాహెబ్ ఫొటో, గోడ వెనక భార్య మీద చెయ్యి. 22 ప్రతిజ్ఞలు అప్పజెప్పి, ముహూర్తానికి మళ్లీ అయ్యగారి దగ్గరికి పోవడం. దీక్ష రంగులాంటిదైతే ఇవన్నీ దాని కింద హాయిగా ఉంటాయి. రెండు వానలకు బయటపడతాయి. అప్పుడు పక్కవాడు నవ్వేది మనల్ని కాదు, ధమ్మాన్ని.

మార్పు ఎంతవరకు అంటే తెల్లటి ఇనుము కనపడేవరకు. సమ్యక్ వ్యాయామం అంటే ఆ గీకుడే. అరచేతులు బొబ్బలెక్కే పని. ఒక్క రోజు సభతో అయ్యేది కాదు.

6. రిపేరా, తుక్కా?

కొన్ని బండ్లను ఏ మేస్త్రీ బాగుచేయలేడు. ఎముకల గూడే విరిగితే ఎంత పెట్టినా వృథా. ఏది బాగవుతుంది, ఏది కాదు అని తేల్చుకోవడమే అసలు తెలివి. ఆ తెలివి తొందరపాటుతో రాదు.

బాబాసాహెబ్ జీవితం చూడండి. 1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టారు. 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టారు. అది ఏళ్ల తరబడి సాగింది. అంటే హిందూ సమాజాన్ని బాగుచేయడానికి ఆయన నిజాయితీగా ప్రయత్నించారు. ఎక్కడ తట్టినా గూడే పుచ్చిందని తేలాక, 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు అన్ని మతాలనూ పరిశీలించి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్నారు. కోపంతో పారేసినవాడు అంతకాలం ఆగడు.

7. మ్యూజియం బండి, రోడ్డు బండి

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఆయన తీసుకున్నది కూడా పాతదే. ఈ నేలలో పూడిపోయిన బండి. మన సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరి గుట్ట మీద స్థూపం, విహారాలు, తోరణం మట్టి కిందినుంచి బయటపడ్డాయి. అక్కడి శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా తీసుకెళ్లి చూపించారు. నాగార్జునకొండ విహారాలు సాగర్ నీళ్లలో మునిగేముందు కొన్నిటిని రాయి రాయిగా విప్పి కొండ మీద మళ్లీ కట్టారు. ఆ సాగర్ ఎడమ కాలువ నీళ్లే మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలకు వస్తాయి. మనం తినే అన్నంలో ఆ విహారాల మీద నిలిచిన నీళ్లున్నాయి.

పాతదాన్ని బాగుచేయడం రెండు రకాలు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలి. ఒక్క నట్టు మారినా విలువ పోతుంది. అది చూసుకోవడానికి. మా చిన్నాయన అంబాసిడర్ అట్లా కాదు. అది నలుగురిని ఎక్కించుకుని కోదాడ పోయి రావాలి. దానికి దొరికిన మంచి భాగం వేయాలి, పనికిరానిది తీసేయాలి. అది నడవడానికి.

బాబాసాహెబ్ ధమ్మాన్ని రోడ్డు కోసం బాగుచేశారు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా సిద్ధార్థుడు ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూడలేదనే కథ బుద్ధికి నిలవదని పక్కన పెట్టారు. శాక్యులకూ కోలియులకూ రోహిణి నది నీళ్ల దగ్గర వచ్చిన తగాదాలో యుద్ధం వద్దన్నందుకే ఆయన ఇల్లు వదలాల్సి వచ్చిందని రాశారు. కాలువ చివరి భూముల్లో నీళ్ల కోసం కొట్లాడుకునే మన రైతులకు ఈ బుద్ధుడు వెంటనే అర్థమవుతాడు. దుఃఖం, దాని కారణం, దాని నివారణ, అష్టాంగ మార్గం, శీలం, ప్రజ్ఞ, కరుణ మాత్రం ఉన్నాయి. అవి కుదిరి నడుస్తున్నాయా? నడుస్తున్నాయి. అయితే అది ధమ్మమే. బుద్ధుడే అన్నీ అనిత్యమన్నాక, ఆయన బోధను మాత్రం కదలని రాయిగా పూజించమంటే ఎట్లా?

8. సర్టిఫికెట్ ప్రశ్న

మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. దీక్ష తర్వాత నువ్వు పూర్తిగా పాతవాడివీ కాదు, సంబంధం లేని కొత్తవాడివీ కాదు. పాతదాన్నుంచి కారణ కార్యాలుగా నడిచి వస్తున్నవాడివి. మరి సర్టిఫికెట్? ప్రమాదంలో కాలు విరిగినవాడు డాక్టర్ కాగితం చూపిస్తాడు. ఆ కాగితం దెబ్బ గురించి చెబుతుంది, ఈ మనిషి అంటే విరిగిన కాలే అని చెప్పదు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో 1990లో బౌద్ధులను చేర్చినప్పుడు పార్లమెంటు ఒప్పుకున్నది కూడా అదే. నువ్వు మారినంత మాత్రాన కొట్టేవాడి చెయ్యి ఆగలేదు. సర్టిఫికెట్ దెబ్బకు సాక్ష్యం. దాన్ని సిగ్గు లేకుండా తీసుకో, నీ స్వభావమని మాత్రం నమ్మకు.

ఇక చేయాల్సిన పనులు. మన పిల్లలకు చేతిపని నేర్పండి. సమ్యక్ ఆజీవికలో దానికి గౌరవముంది. కానీ పద్నాలుగేళ్లు నిండని పిల్లను పనిలో పెట్టడం నేరం, బడి మానిపించి పానా చేతికివ్వడం ధమ్మమూ కాదు. దసరా నాడు షెడ్లలో పానాలకు కుంకుమ పెడతారు. మనకది అశోక విజయదశమి, నాగపూర్ దీక్ష జరిగిన రోజు. పనిముట్లను శుభ్రంగా కడిగి, నూనె రాసి, వాటిని పట్టిన చేతులకు కృతజ్ఞత చెప్పుకుంటే చాలు. ప్రతి పున్నమికి ఇంట్లో అందరూ కూర్చుని, ఈ నెల మన ఇంట్లో ఏ తుప్పు గీకాం, ఏది మిగిలిందని ఒక్కొక్కరూ చెప్పుకోండి. ముందు ఇంటాయన చెప్పాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!